పొలిమేర దాటితే మారే ఎత్తు

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వెళ్తాను. బొమ్మ గీసి చూపించవలసినవి చాలా ఉన్నాయి.

బోర్డు మీద ఈ రెండు గీతల మధ్య ఉన్నది ఒక రోడ్డు అనుకోండి. వెడల్పు 12 మీటర్లు. రెండు పట్టణాలకు ఇదే పొలిమేర. ఉత్తరం వైపు పట్టణంలో ఇళ్లు 10 మీటర్లు మించకూడదు, అంటే మూడు అంతస్తులు. దక్షిణం వైపు పట్టణంలో 36 మీటర్ల దాకా కట్టుకోవచ్చు, అంటే పన్నెండు అంతస్తులు. ఆ పన్నెండు అంతస్తుల భవనం సరిగ్గా రోడ్డు అంచున లేచింది. భూమధ్యరేఖకు బాగా ఉత్తరాన ఉన్న ఊళ్లలో చలికాలం మధ్యాహ్నం సూర్యుడు 30 డిగ్రీల ఎత్తుకు మించడు. ఆ సమయంలో ఈ భవనం నీడ 62 మీటర్ల పొడవు పడుతుంది. అందులో రోడ్డు మీద పడేది 12 మీటర్లు. మిగిలిన 50 మీటర్లు ఎదుటి ఊరి ఇళ్ల మీద పడుతుంది. ఒక వరుస ఇళ్లు పూర్తిగా, వాటి పెరళ్లు, వెనక వరుసలో సగం ఆ నీడలోకి వెళ్లిపోతాయి.

ఆ ఇళ్లవాళ్లు తమ ఊరి నిబంధనను అక్షరాలా పాటించారు. అవతలి బిల్డరు కూడా తన ఊరి నిబంధనను అక్షరాలా పాటించాడు. ఎవరూ తప్పు చేయలేదు, కానీ వాళ్ల వాకిట్లో ఎండ పోయింది.

నన్ను చాలా ఏళ్లుగా వదలకుండా పట్టుకున్న విషయం ఇదే. ఎత్తు ఎంత ఉండాలో ప్రతి ఊరూ తన పొలిమేర లోపల కూర్చుని నిర్ణయిస్తుంది. ఆ ఎత్తు వల్ల వచ్చే నీడ, రద్దీ, భూముల మీద ఒత్తిడి, పోయే దృశ్యం మాత్రం పొలిమేర దగ్గర ఆగవు. పక్కపక్క ఊళ్ల నిబంధనలు వేరుగా ఉండటం నాకు తప్పుగా అనిపించదు. ఒక్కో నిబంధన వెనక ఒక్కో ఊరి కథ ఉంటుంది, అది కొన్నిసార్లు చాలా సమంజసమైన కథ కూడా. నా బాధల్లా, ఆ నిర్ణయం జరిగే గదిలో పక్క ఊరివాళ్లకు కుర్చీ ఉండదనే.

అయితే ముందుగా ఒక చిక్కు విప్పుకోవాలి. అసలు 'ఎత్తు' అంటే ఏమిటి? అందరికీ తెలిసిన మాటే కదా అనిపిస్తుంది. రెండు ఊళ్ల నిబంధనల పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదివితే ఆ ఒక్క మాటకే రెండు అర్థాలు కనిపిస్తాయి. నేను ప్లాన్లు చదవడం నేర్చుకుంటున్న రోజుల్లో లెక్కలు నన్ను అంతగా ఇబ్బంది పెట్టలేదు. నిర్వచనాల పేజీ పెట్టింది. ఇప్పటికీ ఎవరైనా పుస్తకం చేతికిచ్చి "మాకు ఎంత ఎత్తు వస్తుందో చూడండి" అంటే నేను మొదట తెరిచేది ఆ పేజీయే.

ఒక ఇంటిని తీసుకుందాం. స్థలం వాలుగా ఉంది. రోడ్డు వైపు నేల ఎత్తుగా ఉంది, వెనక వైపు 2 మీటర్లు పల్లంగా ఉంది. ఇంటికి రెండు వైపులా వాలిన కప్పు. రోడ్డు వైపు నేల నుంచి చూరు దాకా 7.5 మీటర్లు, నడికొప్పు దాకా, అంటే రెండు వాలులూ పైన కలిసే అంచు దాకా 10.5 మీటర్లు. ఇల్లు ఒక్కటే. ఇప్పుడు దీన్ని మూడు ఊళ్లలో కొలుద్దాం.

మొదటి ఊళ్లో నేల అన్నిటికంటే పల్లంగా ఉన్న చోటు నుంచి నడికొప్పు దాకా కొలుస్తారు. అక్కడ ఈ ఇంటి ఎత్తు 12.5 మీటర్లు. రెండో ఊళ్లో ఇంటి చుట్టూ ఉన్న నేల సగటు మట్టం నుంచి, చూరుకూ నడికొప్పుకూ నడిమధ్య ఉన్న చోటు దాకా కొలుస్తారు. అక్కడ సరిగ్గా 10 మీటర్లు. మూడో ఊళ్లో రోడ్డు మట్టం నుంచి చూరు దాకా చూస్తారు. అక్కడ 7.5 మీటర్లే. మూడు ఊళ్ల పుస్తకాల్లోనూ పరిమితి '10 మీటర్లు' అనే రాసి ఉందనుకోండి. మొదటి ఊళ్లో ఈ ప్లాను తిరిగి వస్తుంది. రెండో ఊళ్లో పాసవుతుంది. మూడో ఊళ్లో ఇంకో 2.5 మీటర్లు మిగిలే ఉంది, దాదాపు మరో అంతస్తుకు సరిపోయే ఎత్తు.

అందుకే "మా పక్క ఊళ్లోనూ పరిమితి 10 మీటర్లే, మరి వాళ్ల ఇళ్లు ఎందుకంత ఎత్తుగా ఉన్నాయి?" అని ఎవరైనా అడిగితే, అక్కడ అవినీతి జరిగిందని వెంటనే అనుకోనక్కరలేదు. టేపు ఎక్కడ మొదలు పెట్టారో, ఎక్కడ ముగించారో ముందు అడగాలి.

ఇందులో ఇంకా లోతైన మెలికలున్నాయి. కొలత సహజంగా ఉన్న నేల నుంచా, మట్టి పోసి చదును చేసిన తర్వాతి నేల నుంచా? రెండోది అయితే ముందు మీటరున్నర మట్టి పోసి, ఆ పైన ఇల్లు లేపవచ్చు. కాగితం మీద ఎత్తు పెరగదు, పక్కింటి కిటికీకి మాత్రం పెరుగుతుంది. లిఫ్టు గది, నీళ్ల ట్యాంకు, పిట్టగోడ లెక్కలోకి వస్తాయా? చాలా చోట్ల రావు. అయితే ఎంత వరకు రావన్నది మళ్లీ ఒక్కో ఊళ్లో ఒక్కో తీరు. కొన్ని ఊళ్లు మీటర్లను వదిలేసి అంతస్తులను లెక్కపెడతాయి. అలాంటి చోట సగం నేలలో దిగి ఉన్న సెల్లారును అంతస్తు అనాలా వద్దా అన్న దాని మీద పెద్ద వాదాలే నడుస్తాయి. ఇక సెట్‌బ్యాకులు (భవనం చుట్టూ వదలవలసిన ఖాళీలు), స్థలం వైశాల్యానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న నిష్పత్తి, ముందున్న రోడ్డు వెడల్పు కూడా ఎత్తును పరోక్షంగా బిగించేవే. పుస్తకంలో 30 మీటర్లని ఉన్నా, ఈ మూడూ కలిసి 15 దగ్గరే ఆపేసిన స్థలాలు ఎన్నో ఉంటాయి.

సరే, ఇక పక్కపక్క ఊళ్ల దగ్గరికి వద్దాం. ఈ విషయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ అమెరికా రాజధాని వాషింగ్టన్. పొటోమాక్ నదికి ఒక ఒడ్డున వాషింగ్టన్, ఎదుటి ఒడ్డున వర్జీనియా రాష్ట్రంలోని ఆర్లింగ్టన్ కౌంటీ, అందులో రాస్లిన్ అనే ప్రాంతం. వాషింగ్టన్ ఒడ్డున నిలబడి చూస్తే ఈ వైపు భవనాలన్నీ ఒకే ఎత్తుకు కోసినట్టు ఉంటాయి. ఎదుటి ఒడ్డున టవర్లు గుంపుగా లేచి ఉంటాయి. మధ్యలో ఉన్నది ఒక నది, ఒక పాలనా సరిహద్దు.

ఈ తేడాకు కారణం ఒక అపార్ట్‌మెంట్ భవనం. 1894లో వాషింగ్టన్‌లో కైరో అనే భవనం పూర్తయింది. ఎత్తు 164 అడుగులు. చుట్టూ చిన్న ఇళ్లున్న వీధిలో అది ఒక్కటే తాటిచెట్టులా నిలబడింది. నిప్పంటుకుంటే అగ్నిమాపక దళం నిచ్చెనలు అంత ఎత్తుకు చేరవని పక్కవాళ్లు భయపడ్డారు, తమ వెలుతురు పోతుందని గొడవ చేశారు. ఆ సంవత్సరమే నగర పాలకులు ఎత్తుకు హద్దులు పెట్టారు. 1899లో అమెరికా కాంగ్రెస్ దాన్ని చట్టం చేసింది. 1910లో మరో చట్టంతో నేటికీ నడుస్తున్న సూత్రం వచ్చింది. ముందున్న వీధి వెడల్పుకు 20 అడుగులు కలిపితే వచ్చేదే ఆ భవనం ఎత్తుకు హద్దు. వ్యాపార వీధుల్లో అది 130 అడుగులు దాటకూడదు, నివాస వీధుల్లో 90 అడుగులు దాటకూడదు. పెన్సిల్వేనియా అవెన్యూలో ఒక భాగానికి మాత్రం 160 అడుగుల దాకా అనుమతి ఉంది.

అమెరికా కాంగ్రెస్ కూర్చునే కాపిటల్ భవనం గుమ్మటం కంటే ఎత్తుగా ఏదీ ఉండకూడదని ఈ చట్టం చేశారన్న మాట మీరు వినే ఉంటారు. గైడ్లు కూడా అదే చెబుతుంటారు. ఆ 1910 సూత్రంలో గుమ్మటం ఊసే లేదు. అందులో ఉన్నది వీధి వెడల్పు. వీధి ఎంత వెడల్పుంటే భవనం అంత ఎత్తు పోవచ్చన్నది గాలి, వెలుతురు, నిప్పు గురించిన ఆలోచన. ఈ సూత్రం నాకు చాలా నచ్చుతుంది, ఎందుకంటే ఎదుటివాడికి ఎంత ఆకాశం మిగులుతుందన్న ప్రశ్న దాని లోపలే ఉంది.

ఆ చట్టం ఫలితం భవనాల లోపల కూడా కనిపిస్తుంది. 130 అడుగుల్లో 12 అంతస్తులు ఇరికించాలంటే ఒక్కో అంతస్తుకు 11 అడుగులు కూడా రావు. అందులోనే శ్లాబు, గాలి గొట్టాలు, తీగలు అన్నీ పోవాలి. అందుకే ఆ నగరంలో చాలా ఆఫీసుల్లో కప్పు తల మీదికి వచ్చినట్టు ఉంటుంది.

ఇప్పుడు ఎదుటి ఒడ్డు. మీరు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆర్లింగ్టన్ నేల ఒకప్పుడు రాజధాని జిల్లాలో భాగమే. రాజధాని కోసం పది మైళ్ల భుజంతో గీసిన చతురస్రంలో అది కూడా ఉండేది. 1846లో కాంగ్రెస్ ఆ భాగాన్ని వర్జీనియాకు తిరిగి ఇచ్చేసింది. ఎత్తైన భవనాల గురించి ఎవరూ కలగనని కాలం అది. అప్పుడు ఆ గీత జరగకపోతే 1910 చట్టం నదికి అవతల కూడా వర్తించేది, ఈ రోజు రాస్లిన్ టవర్లు ఉండేవి కావు. ఎందుకోసమో గీసిన గీత వంద ఏళ్ల తర్వాత ఆకాశం రూపును నిర్ణయించింది.

1970లలో రాస్లిన్‌లో మరికొన్ని టవర్లకు అనుమతులు వచ్చాయి. వాషింగ్టన్ నడుమ స్మారక కట్టడాలున్న పెద్ద పచ్చిక మైదానం నేషనల్ మాల్ నుంచి చూస్తే స్మారక కట్టడాల వెనక ఇవి తలలెత్తుతాయని, జాతి మొత్తానికి చెందిన దృశ్యం పాడవుతుందని 1978లో ఫెడరల్ ప్రభుత్వమే కోర్టుకు వెళ్లింది. 1979లో కోర్టు ఆ వాదనను కొట్టేసింది. భవనాలు ఆర్లింగ్టన్ నేల మీద ఉన్నాయి, ఆర్లింగ్టన్ నిబంధనల ప్రకారం ఉన్నాయి. దేశ ప్రభుత్వానికే పక్క ఊరి ఎత్తు మీద పట్టు దొరకనప్పుడు మామూలు ఇంటి యజమాని మాట ఎవరు వింటారు? ఈ కేసు గురించి చదివినప్పుడల్లా నాకు ఈ ప్రశ్న వస్తుంది.

న్యాయం చేయాలంటే రెండో వైపు కూడా చెప్పాలి. వాషింగ్టన్ తన రూపాన్ని కాపాడుకుంది. ఆ నగరంలో పట్టని ఆఫీసులు, ఫ్లాట్లు ఎక్కడో ఒక చోట ఉండాలి కదా. వాటికి చోటిచ్చినది ఆర్లింగ్టన్. ఒక ఊరు ఎత్తుకు మూత బిగిస్తే, లోపలి ఒత్తిడి మాయమైపోదు, పక్క ఊళ్లో పైకి లేస్తుంది.

పారిస్‌లో కూడా ఇదే జరిగింది. ఆ నగరం 1783, 1784 నాటి రాజశాసనాలతోనే భవనం ఎత్తును వీధి వెడల్పుకు ముడిపెట్టింది. 1973లో నగరం నడుమ దాదాపు 210 మీటర్ల మోంపార్నాస్ టవరు పూర్తయింది. జనం దాన్ని ఎంతగా అసహ్యించుకున్నారంటే, 1977లో నగరం ఎత్తును గరిష్ఠంగా 37 మీటర్లకు కట్టేసింది, నడిబొడ్డున అయితే 25 మీటర్లకే. మరి పెద్ద కంపెనీల టవర్లన్నీ ఎక్కడికి పోయాయి? నగరం పడమటి సరిహద్దు దాటి, ప్యుటో, కుర్బెవోవా పట్టణాల నేల మీద విస్తరించిన లా దెఫాన్స్‌కు పోయాయి. ఆ ప్రాంతాన్ని అభివృద్ధి చేయడానికి ప్రభుత్వం 1958లోనే ప్రత్యేక సంస్థను పెట్టింది. అక్కడి ఒక టవరు 231 మీటర్లు. పారిస్ 2010 తర్వాత శివార్లలో కొంత సడలించింది, 2023లో మళ్లీ 37 మీటర్ల హద్దుకు తిరిగి వచ్చింది. ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. లా దెఫాన్స్ ఎవరూ చూడనప్పుడు పెరిగినది కాదు, సరిహద్దుకు రెండు వైపులా ఏమి జరగాలో పై స్థాయిలో ఒకరు కూర్చుని ఆలోచించారు. రాస్లిన్‌లో అది లేదు.

ఊరికి తన ఎత్తు తాను నిర్ణయించుకునే హక్కు ఎక్కడి నుంచి వచ్చింది? అమెరికాలో ఈ ప్రశ్న తేలింది కూడా రెండు పక్కపక్క ఊళ్లున్న చోటే. ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ పెద్ద పారిశ్రామిక నగరం. దాన్ని ఆనుకుని యూక్లిడ్ అనే గ్రామం. ఫ్యాక్టరీలు తమ వైపు పాకుతున్నాయని గమనించి ఆ గ్రామం 1922లో జోనింగ్ నిబంధనలు, అంటే ఊళ్లో ఏ భాగంలో ఏమి కట్టవచ్చో చెప్పే నిబంధనలు పెట్టుకుంది. ఎత్తుకు మూడు తరగతులు. మొదటి దాంట్లో రెండున్నర అంతస్తులు లేదా 35 అడుగులు, రెండో దాంట్లో నాలుగు అంతస్తులు లేదా 50 అడుగులు, మూడో దాంట్లో 80 అడుగులు. అక్కడ 68 ఎకరాలున్న ఒక స్థిరాస్తి కంపెనీ తన భూమి విలువ పడిపోయిందని దావా వేసింది. 1926 నవంబరులో సుప్రీంకోర్టు గ్రామం వైపే తీర్పు చెప్పింది. భౌగోళికంగా క్లీవ్‌లాండ్ శివారే అయినా పాలనాపరంగా యూక్లిడ్ వేరే ఊరు, దాని అధికారాలు దానివి అని కోర్టు స్పష్టంగా చెప్పింది. అయితే సాధారణ ప్రజల ప్రయోజనం ఒక ఊరి ప్రయోజనం కంటే ఎంతో మించినప్పుడు ఆ ఊరు అడ్డు నిలవడానికి వీల్లేని సందర్భాలు ఉండవచ్చని కూడా అదే తీర్పులో ఒక తలుపు తెరిచి ఉంచింది. ఆ తలుపు దాదాపు వందేళ్లుగా అక్కడే ఉంది. దాన్ని తట్టినవాళ్లు తక్కువ.

ఆ తీర్పులోనే నన్ను బాధపెట్టే మాట ఒకటుంది. విడి ఇళ్ల మధ్య వచ్చే అపార్ట్‌మెంట్ భవనాన్ని కోర్టు పరాన్నజీవితో పోల్చింది. కింది కోర్టు న్యాయమూర్తి దీనికి సరిగ్గా ఎదురుగా, ఈ నిబంధనల అసలు ఫలితం జనాన్ని ఆదాయాన్ని బట్టి విడగొట్టడమేనని రాశాడు. ఆయన తీర్పు నిలబడలేదు కానీ ఆయన చూసిన ప్రమాదం నిజమైనది. 35 అడుగుల హద్దు ఎండను కాపాడగలదు. ఫ్లాట్లలో ఉండే కుటుంబాలను ఊళ్లోకి రానివ్వకుండా చేయడానికి కూడా అదే 35 అడుగులు పనికొస్తుంది. కాగితం మీద రెండూ ఒకేలా ఉంటాయి. పక్కపక్కనే పది ఊళ్లున్న చోట తొమ్మిది ఊళ్లు తక్కువ ఎత్తు హద్దులు పెట్టుకుంటే, పదో ఊరు అందరి భారమూ మోయాలి. ఒక్కో ఊరి నిర్ణయం విడిగా చూస్తే ముచ్చటగానే ఉంటుంది, అన్నీ కలిపి పటం మీద పెట్టినప్పుడు తెలుస్తుంది ఎవరికి చోటు లేదో.

దృశ్యం గురించి కూడా ఒక మాట. లండన్‌లో రిచ్‌మండ్ పార్కులో హెన్రీ రాజు దిబ్బ మీద నుంచి దాదాపు 16 కిలోమీటర్ల దూరంలో ఉన్న సెయింట్ పాల్స్ గుమ్మటం చెట్ల మధ్య సందులోంచి కనిపిస్తుంది. ఆ చూపు దారిని నిబంధనలు కాపాడతాయి, మధ్యలో ఉన్న బరోలన్నీ, అంటే లండన్ లోపలి స్థానిక పాలనా విభాగాలన్నీ దానికి లోబడాలి. 2016లో ఆ దిబ్బ మీద నిలబడినవాళ్లకు గుమ్మటం వెనక ఏదో లేస్తూ కనిపించింది. అది గుమ్మటానికి ఇంకా ఎన్నో కిలోమీటర్ల అవతల స్ట్రాట్‌ఫర్డ్‌లో కడుతున్న 42 అంతస్తుల టవరు. ముందు దారిని కాపాడారు, వెనక ఎంత దూరం చూడాలన్నది జారిపోయింది.

ఊళ్ల గీతలను అసలు లెక్కచేయని ఎత్తు నిబంధన ఒకటుంది, అది విమానాశ్రయాలది. రన్‌వే నుంచి పైకి వాలుగా లేచే ఊహా తలాలు గీసి, వాటిని దాటి ఏ ఊళ్లోనూ ఏదీ లేవకుండా చూస్తారు. పైగా వాళ్లు కొలిచేది సముద్ర మట్టం నుంచి. మీ ఊరు గుట్ట మీద ఉంటే, మీ ఊరి పుస్తకం ఎంత ఉదారంగా ఉన్నా, ఆ గుట్ట ఎత్తు మీ వాటాలోంచే పోతుంది. విమానానికి ప్రమాదం అనగానే అన్ని ఊళ్లూ ఒకే కొలతకు ఒప్పుకుంటాయి. ఎండ విషయంలో ఎందుకు ఒప్పుకోవో నాకు అర్థం కాదు.

చీటీ ఒకటి వచ్చింది. చదువుతాను. "పక్క ఊరివాళ్లు నిబంధన మార్చుకుంటూ ఉంటే మేము చూస్తూ కూర్చోవలసిందేనా? ఎక్కడైనా దీనికి దారి ఉందా?"

మంచి ప్రశ్న. కొన్ని చోట్ల ఉంది. న్యూయార్క్ రాష్ట్ర చట్టం ప్రకారం, పొలిమేరకు 500 అడుగుల లోపల ఉన్న స్థలంలో ప్రత్యేక అనుమతులు, స్థల ప్రణాళికలు, లేఅవుట్ల వంటి వాటి మీద విచారణ జరిపేటప్పుడు పక్క మున్సిపాలిటీకి కనీసం 10 రోజుల ముందు నోటీసు పంపాలి. వాళ్లు వచ్చి తమ మాట చెప్పుకోవచ్చు. వద్దని ఆపే అధికారం మాత్రం వాళ్లకు లేదు. ఆపే అధికారం ఉండాలని నేను కూడా అడగను. అలా అయితే ఏ పొలిమేర దగ్గరా ఎవరూ ఏమీ కట్టుకోలేరు. మాట్లాడే హక్కు, పది రోజుల వ్యవధి, ప్లాన్ల ప్రతి, చలికాలపు నీడ పటం, ఈ నాలుగూ ఉంటే చాలా గొడవలు గోడ లేవక ముందే తేలిపోతాయి.

రెండోది రూపం గురించిన దారి. కెనడాలోని టొరంటో నగరం పెద్ద రోడ్ల మీద వచ్చే మధ్యస్థాయి భవనాలకు చాలా ఏళ్లు 45 డిగ్రీల వాలు తలాన్ని వాడింది. వెనక ఉన్న చిన్న ఇళ్ల వైపు నుంచి ఆ వాలు గీత గీసి, దాని కిందే భవనం మెట్లు మెట్లుగా తగ్గాలనేవారు. మొదట గీసిన బొమ్మకు మళ్లీ వద్దాం. దక్షిణం వైపు ఊరు తన 36 మీటర్లను వదులుకోనక్కరలేదు. ఉత్తరం వైపు ఇళ్ల ప్రహరీ దగ్గర నేల మీద నుంచి 45 డిగ్రీల గీత గీస్తే, రోడ్డు వెడల్పు 12 మీటర్లు కాబట్టి అవతలి అంచున భవనం 12 మీటర్లు లేవవచ్చు. నాలుగు అంతస్తులు. ఇంకో 12 మీటర్లు లోపలికి జరిగితే 24 మీటర్లు, మరో 12 జరిగితే 36. ఎత్తు అంతే ఉంటుంది, రోడ్డు నుంచి 24 మీటర్లు వెనక్కి జరిగింది. ఇప్పుడు నీడ కూడా లెక్కకట్టి చూడండి. సూర్యుడు అదే 30 డిగ్రీల మీద ఉంటే ఎదుటి ఊళ్లోకి 50 మీటర్లు పోయిన నీడ 26 దగ్గర ఆగుతుంది. వెనక వరుస ఇళ్లకు ఎండ తిరిగి వచ్చింది. ముందు వరుసకు ఇంకా రాలేదు. దానికి ఏమి చేయవచ్చో మాట్లాడుకోవడానికి రెండు ఊళ్లవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి.

ఇంకో చీటీ ఉన్నట్టుంది, ఇటు ఇవ్వండి.